డులూత్‌లో చలికాలం ఎటు నుంచి వస్తుందంటే

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. "ఇంకా సెప్టెంబరే కదా పెద్దమ్మా, స్నో పడేముందు యాప్ చెప్తుందిలే" అన్నావు. యాప్ చెప్తుంది, కాదనను. కానీ ముప్పై ఏళ్లు మిన్నెసోటాలోని మీ డులూత్‌లో, ఆ కొండ మీద కాపురం చేసినదాన్ని. ఇప్పుడు మీ అన్నయ్య దగ్గర డాలస్‌లో ఉన్నా, సెప్టెంబరు వచ్చిందంటే నా ప్రాణం అక్కడే తిరుగుతుంది. నాకు తెలిసింది నీ చెవిన వేయకపోతే నిమ్మళంగా ఉండదు. తీరిగ్గా చదువు. అల్లుడికీ చదివి వినిపించు, పొద్దున్నే కారు తీసేది అతనేగా.

అక్కడ చలికాలం స్నోతో మొదలవదమ్మా. స్నో కనపడేసరికే అది వచ్చి చాలా రోజులై ఉంటుంది. ముందు గాలిలో తెలుస్తుంది, తర్వాత నేల మీద, ఆ తర్వాత ఆకాశంలో. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటికెళ్లి రెండు నిమిషాలు నిలబడు. ఫోన్ లోపలే ఉంచి వెళ్లు.

ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడు. ఎదురింటి పొగగొట్టం ఆవిరి ఎటు వాలుతోందో చూస్తే చాలు. దక్షిణం గాలి వెచ్చగా ఉంటుంది. వాయవ్యం గాలి కెనడా మైదానాల నుంచి వస్తుంది. పొడిగా, చురుగ్గా ఉంటుంది, ఆకాశం కడిగినట్టు నీలంగా కనిపిస్తుంది. ఈశాన్యం గాలి సంగతి వేరు. అది 350 మైళ్ల పొడవున్న సుపీరియర్ సరస్సు మీదుగా, దారంతా తేమ తాగుతూ వస్తుంది. ఊరి వెనకున్న కొండ ఎక్కాల్సి వచ్చేసరికి ఆ తేమనంతా అక్కడే దించేస్తుంది. సెప్టెంబరులో అది ముసురు. నవంబరులో అదే గాలి మోకాళ్ల లోతు స్నో. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది ఈ ఈశాన్యం గాలికే. మబ్బు పట్టి, గాలి ఒత్తిడి చూపించే బారోమీటరు గంటగంటకీ దిగుతూ, గాలి సరస్సు వైపుకి తిరిగిందంటే ఆ రోజు నేను ఎక్కడికీ ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు.

ఇక నేల. మన భాషలో అన్నిటికీ ఒకటే మాట, మంచు. పొద్దున గడ్డి మీద నీటిబొట్లూ మంచే, కళ్ల ముందు కమ్మిన తెరా మంచే, కొండ మీద తెల్లగా పేరుకున్నదీ మంచే. అక్కడ బతకాలంటే ఇవన్నీ విడివిడిగా గుర్తుపట్టాలి. ఎందుకంటే ఒక్కోదానితో ఒక్కో ప్రమాదం.

మొదట వచ్చేది ఫ్రాస్ట్, అంటే రాత్రి తేమ తెల్లటి పొరగా గడ్డకట్టడం. ఫోన్లో 36 డిగ్రీల ఫారెన్‌హీట్ అని చూపిస్తుంటే, నీళ్లు గడ్డకట్టేది 32కి కాబట్టి "32కి రాలేదుగా, గడ్డ కట్టదులే" అనుకుంటావు. ఆ 36 మనిషి ఎత్తున పెట్టిన థర్మామీటరు లెక్క. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. గడ్డి దగ్గర చలి అంతకంటే ఎక్కువ. అందుకే ముందు కారు పైకప్పు చూడు. అది ఆకాశానికి ఎదురుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి మొదట తెల్లబడేది అదే. వేలితో రాసి చూడు. మంచుబిందువులైతే తడి గీత పడుతుంది. ఫ్రాస్ట్ అయితే సన్న రవ్వలా గరగరమని వేలికి అంటుకుని, రెండు క్షణాల్లో కరిగిపోతుంది. చెట్టు కింద పెట్టిన పక్కింటి కారు మీద ఏమీ ఉండదు, కొమ్మలు దాని వేడిని పోనివ్వవు. ఇది ఒక్కసారి వేలితో చూసినవాళ్లకి జన్మలో మర్చిపోవడం ఉండదు.

ఆ రాత్రి ఫ్రాస్ట్ పడుతుందా లేదా అన్నది సాయంత్రమే చెప్పొచ్చు. ఆకాశం తేటగా ఉందా? గాలి పడిపోయిందా? డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ బొట్లుగా మారే చలి, 32 దగ్గరికో, ఇంకా కిందికో దిగిందా? మూడూ ఔనైతే కుండీలు లోపల పెట్టేసుకో. రోజూ అందరూ టెంపరేచర్ చూస్తారు కానీ, డ్యూ పాయింట్ చూసేవాళ్లు తక్కువ. గాలిలో తేమ ఎంత తక్కువుంటే రాత్రి చలి అంత లోతుకి దిగుతుంది.

మీ ఇల్లు కొండ పైన, నీ ఆఫీసు కింద సరస్సు పక్కన. ఈ విషయంలో నువ్వు నా మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. సరస్సు ఎండాకాలం వేడిని నవంబరు దాకా కడుపులో దాచుకుంటుంది. ఒడ్డున వెచ్చగా, తడిగా ఉంటుంది. ఎయిర్‌పోర్టు వైపు పైకి వెళ్తే దాదాపు 800 అడుగుల ఎత్తు. ఒకే ఊరు, రెండు వాతావరణాలు. మేము వెళ్లిన కొత్తలో, నవంబరులో ఒక సాయంత్రం నేను కింద నుంచి బయల్దేరాను. సన్నగా వాన. కారులో 35 చూపిస్తోంది. వైపర్లు వేసుకుని, పిల్లల తిండి గురించి ఆలోచిస్తూ కొండ ఎక్కుతున్నాను. సగం దూరం వచ్చేసరికి అద్దం మీద పడే చినుకులు చప్పుడు మార్చాయి. నేను పట్టించుకోలేదు. రెడ్ లైట్ దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. అటూ ఇటూ ఊగి, కూడలి మధ్యలోకి జారుకుంటూ వెళ్లి, అవతలి అంచుకి తగిలి ఆగింది. ఆ క్షణంలో అడ్డంగా ఏ కారూ రాలేదు కాబట్టి ఇప్పుడు నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. వెనక సీట్లో మీ అన్నయ్య ఉన్నాడు, అప్పుడు వాడికి నాలుగేళ్లు.

కాబట్టి చెవులు పెట్టి విను. వాన చినుకు అద్దం మీద చదునుగా పడుతుంది. స్లీట్, అంటే దారిలోనే గడ్డకట్టిన చినుకులైతే, టిక్కు టిక్కుమని తగిలి ఎగిరిపడుతుంది. అన్నిటికంటే ప్రమాదం ఫ్రీజింగ్ రెయిన్. చూడ్డానికి వానే, వినడానికీ వానే, కానీ పడినచోటే గడ్డకడుతుంది. చెట్ల కొమ్మలు, మెట్ల రెయిలింగ్ గాజు పూత పూసినట్టు మెరుస్తుంటే అదేనన్నమాట. రోడ్డు మీద బ్లాక్ ఐస్, అంటే కంటికి ఆనని పల్చటి ఐస్ పొర, గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. రోడ్డు తడిగా కనిపిస్తోంది కానీ ముందు కారు టైర్ల నుంచి నీటి తుంపర లేవడం లేదంటే అది నీళ్లు కాదు, ఐస్. మెల్లగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యి. బ్రిడ్జిలకి కింద నుంచీ గాలి తగులుతుంది కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. విస్కాన్సిన్ వైపు వెళ్లే వంతెనల మీద ఇది మరీ గుర్తుపెట్టుకో.

ఆకాశం సంగతికొస్తే, చంద్రుడి చుట్టూ గుడి కట్టడం నీకు తెలిసే ఉంటుంది. వరదగుడి అంటారు మనవాళ్లు. అది ఉత్త నమ్మకం కాదమ్మా. చాలా ఎత్తున పల్చటి మబ్బులో సన్నటి ఐస్ పలుకులుంటాయి, వాటిలోంచి వెలుగు వంగి ఆ వలయం కడుతుంది. అలాంటి మబ్బు తరచూ తుఫానుకి ముందు నడుస్తుంది. గుడి కట్టిన ప్రతిసారీ వాన పడదు. కానీ గుడి కట్టి, తెల్లారేసరికి మబ్బు కిందికి దిగి చిక్కబడి, గాలి తూర్పుకో ఈశాన్యానికో తిరిగిందా, ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒకటి పడటం ఖాయమనుకో.

పక్షుల్ని చూడాలనుంటే ఈ శనివారమే గద్దలు కనపడే హాక్ రిడ్జ్ కొండకి వెళ్లండి. గద్దలు అంత పెద్ద నీళ్ల మీదుగా ఎగరడానికి ఇష్టపడవు, అందుకని ఒడ్డు వెంబడి డులూత్ మీదుగా దక్షిణానికి పోతాయి. సెప్టెంబరు మధ్యలో వాయవ్యం గాలి తగిలిన రోజున వేలకొద్దీ వెళ్తాయి. ఆకాశంలో కుండలో గరిటె తిప్పినట్టు సుడులు తిరుగుతూ పైకెక్కుతాయి. గద్దలు విరగబడి వెళ్లాయంటే ఉత్తరపు చలిగాలి ఊరు దాటిందని అర్థం. ఆ రాత్రి గాలి పడిపోతే ఫ్రాస్ట్ కోసం చూసుకో. అక్టోబరులో జంకోలని చిన్న పిట్టలు వస్తాయి, వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు, ఎగిరినప్పుడు తోక అంచులు తెల్లగా మెరుస్తాయి. తర్వాత టామరాక్ చెట్లు. చూడ్డానికి సూదుల ఆకుల చెట్టే, ఏడాదంతా పచ్చగా ఉంటుందనుకుంటాం. కానీ అక్టోబరులో బంగారు రంగుకి తిరిగి మొత్తం రాల్చేస్తుంది. మొదటిసారి చూసి చెట్టు చచ్చిపోతోందని నేను బాధపడ్డాను. ఆ పసుపు సూదులు బూట్లకి అంటుకుని ఇంట్లోకి రావడం మొదలైందంటే చలికాలం గుమ్మంలో ఉన్నట్టే.

అక్కడివాళ్లు ఊలీ బేర్ అనే గొంగళిపురుగు నడుముకున్న గోధుమరంగు పట్టీ చూసి ఈసారి చలి ఎంతో చెప్తారు. నమ్మకు. ఆ పట్టీ పురుగు వయసుని బట్టీ పెరుగుదలని బట్టీ మారుతుంది. కుందేళ్లు తెల్లబడటం కూడా పగలు తగ్గడం వల్లే, రాబోయే స్నో తెలిసి కాదు. ఒక్కోసారి స్నో ఆలస్యమై, ఆ పిచ్చి తల్లులు గోధుమరంగు అడవిలో తెల్లగా కూర్చుని అందరికీ కనపడిపోతుంటాయి.

ఇప్పుడు అసలు మాట. చలిగా ఉన్న రోజుకి నువ్వెలాగూ జాగ్రత్తపడతావు. అక్టోబరు చివర్లో, నవంబరులో ఉన్నట్టుండి ఒకరోజు వెచ్చబడితే ఆ రోజు జాగ్రత్తపడు. పెద్ద తుఫాను ముందు దక్షిణపు వెచ్చగాలిని తనలోకి లాక్కుంటుంది, వెనకాల వాయవ్యపు చలిని దించుతుంది. 1940 నవంబరు 11న, ఆర్మిస్టిస్ డే రోజు, పొద్దున్నే హాయిగా ఉందని ఎంతోమంది పల్చటి బట్టలతో బాతుల వేటకి వెళ్లారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది, వాన స్నోగా మారింది. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది ఆ వేటగాళ్లే. 1975 నవంబరులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ మీ ఎదురుగా విస్కాన్సిన్‌లో ఉన్న సుపీరియర్ ఊరి రేవు నుంచే బయల్దేరింది. మర్నాడు, 10వ తేదీ సాయంత్రం, 29 మందితో సహా సరస్సులో మునిగిపోయింది. ఆ ఊళ్లో నవంబరు అనగానే పెద్దవాళ్ల మొహాలు ఎందుకు మారతాయో నీకు తెలియాలనే ఇవి రాస్తున్నాను.

నా కళ్లతో చూసింది 1991 హాలోవీన్. అక్టోబరు 31న మొదలై నవంబరు 3 దాకా పడి, డులూత్‌లో 36.9 అంగుళాలకి చేరింది. మా కారు మొత్తం పూడిపోయి, యాంటెన్నా మాత్రం పైకి కనపడుతోంది. ఇంట్లో పాలు లేవు. ఇంకా టైముందిలే అని స్నో పార కూడా కొనలేదు. పక్కింటి ముసలాయన తన ఇంటి ముందు తవ్వుకుని, అడక్కుండానే మా ఇంటి గుమ్మం దాకా తవ్వుకుంటూ వచ్చాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ రోజూ తలుచుకుంటాను.

అందుకే పనుల్ని తేదీలకి కాదు, గుర్తులకి ముడిపెట్టుకో. మొదటి ఫ్రాస్ట్ వేలికి తగిలిన రోజు తోట పైపు కుళాయి నుంచి ఊడదీసెయ్యి, లేకపోతే గోడలో పైపు పగులుతుంది. పొద్దుటి చలి వరసగా 45 కిందికి దిగుతుంటే వింటర్ టైర్లు వేయించుకోండి, మామూలు టైర్ల రబ్బరు ఆ చలికే బిగుసుకుంటుంది. టామరాక్ సూదులు రాలేసరికి కారులో పార, దుప్పటి, గడ్డకట్టని వాషర్ ఫ్లూయిడ్ ఉండాలి, ట్యాంకు సగానికి తగ్గకూడదు. బ్యాటరీ పాతదైతే ఇప్పుడే మార్పించండి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌ని చూసే మెకానిక్‌ని సెప్టెంబరులోనే పిలవాలి, అక్టోబరులో దొరకడు. ఫర్నేస్ పొగ బయటికి పోయే పైపు మీ ఇంటి గోడకి ఏ వైపుందో అల్లుడు చూసి పెట్టుకోవాలి. స్నో దాన్ని మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరుగుతుంది, దానికి వాసన ఉండదు. డిటెక్టర్ మోగుతుందో లేదో ఈ రాత్రే నొక్కి చూడండి.

ఇంటి వెనక కుంట మీద నవంబరులో సన్న పొర కట్టగానే పిల్లాడు దాని మీదికి వెళ్తానంటాడు. నాలుగు అంగుళాల గట్టి, తేట ఐస్ అయ్యేదాకా అడుగు పెట్టనివ్వకు. స్నో కప్పిన ఐస్‌ని చూసి మందం చెప్పడం ఎవరి తరమూ కాదు, చిల్లు వేసి కొలవాల్సిందే.

యాప్ బదులు నేషనల్ వెదర్ సర్వీస్ డులూత్ ఆఫీసు వాళ్లు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ చదువు. లెక్క ఎందుకలా వేశారో, ఎక్కడ అనుమానం ఉందో వాళ్లే మాటల్లో రాస్తారు. వాచ్ అంటే రావచ్చు, సిద్ధపడమని. ఆ రోజే సరుకులు తెచ్చుకో. వార్నింగ్ అంటే వచ్చేసింది, లేదా వచ్చేస్తోంది, ఇంట్లో ఉండమని. బ్లిజర్డ్ వార్నింగ్ అంటే గంటకి 35 మైళ్ల గాలి, పావు మైలు కూడా కనపడనంత స్నో, కనీసం మూడు గంటలు. అది చూశాక కూడా ఆఫీసుకి వెళ్తానంటే నేను ఇక్కడి నుంచి విమానం ఎక్కి వస్తాను. రోడ్ల సంగతి 511 అనే సమాచార సేవలో తెలుస్తుంది.

వంటింటి క్యాలెండర్ మీద రోజూ ఒక్క ముక్క రాసి పెట్టు. గాలి దిక్కు, కారు కప్పు మీద ఏముంది, అంతే. నా క్యాలెండర్లు ఇరవై ఆరు ఉన్నాయి, అట్టపెట్టెలో పెట్టి ఈ వారమే నీకు పోస్టు చేస్తున్నాను. ఏ ఏడు ఏ తేదీకి మొదటి ఫ్రాస్ట్ తగిలిందో అన్నిట్లోనూ ఎర్ర పెన్నుతో రాసి ఉంటుంది. రేపు పొద్దున ఆరింటికి బయటికెళ్లి, గాలి ఎటు నుంచి ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి. నేను లేచే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ