స్లిప్పు చేతికి వచ్చేదాకా కౌంటర్ వదలకండి

(ఆన్‌లైన్ కొనుగోళ్లపై పాఠకుల ప్రశ్నలకు, పాలకొల్లులో పార్సిల్ కౌంటర్ నడుపుతున్న మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు)

ప్రశ్న: అక్కా, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. ఒక బట్టల కంపెనీ యాప్‌లో నాకు చుడీదార్ సెట్టు, మా బాబుకి బూట్లు తెప్పించుకున్నాం. రెండూ సైజు కుదరలేదు. రిటర్న్ పెడితే మా పిన్‌కోడ్‌కి పికప్ లేదని, దగ్గర్లోని స్టోర్‌లో ఇచ్చేయమని వచ్చింది. దగ్గర్లోది అంటే భీమవరం. మా ఆయన పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద గోదారి దాటి నరసాపురం చేరి, అక్కణ్నుంచి బస్సులో వెళ్లి ఇచ్చొచ్చారు. కౌంటర్లో కుర్రాడు ప్యాకెట్ తీసుకుని, "సిస్టమ్ స్లోగా ఉందండి, సాయంత్రం ఎక్కించేస్తాను, మీరు వెళ్లిపోండి" అన్నాడట. కాగితం ఏమీ ఇవ్వలేదు. రెండు వారాలు దాటింది. యాప్‌లో ఇంకా "వస్తువు అందలేదు" అనే చూపిస్తోంది. స్టోర్‌కి ఫోన్ చేస్తే "ఏ ప్యాకెట్టండీ?" అంటున్నారు. మొత్తం 2,340 రూపాయలు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, సఖినేటిపల్లి మండలం

జవాబు: చెల్లెమ్మా, ముందుగా ఒక మాట. ఇంట్లో ఈ విషయం మీద మీ ఆయన్ని ఏమీ అనకండి. తప్పు ఆయనది కాదు. స్కాన్ చేయకుండా ప్యాకెట్ పుచ్చుకోవడం కౌంటర్ వాళ్లు చేయకూడని పని. నేనూ అదే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. సిస్టమ్ పనిచేయకపోతే "ఇప్పుడు తీసుకోలేమండి" అని చెప్పాలి. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని తిప్పి పంపడం ఇష్టం లేకపోతే ఆర్డర్ నంబరు, తేదీ, వస్తువుల వివరాలు తెల్ల కాగితం మీద రాసి, షాపు స్టాంపు వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. "వెళ్లిపోండి" అనడం మాత్రం కుదరదు.

ఇప్పుడు చేయాల్సింది ఆలస్యం చేయకండి. షాపుల్లో సీసీ కెమెరా రికార్డింగ్ ఎల్లకాలం ఉండదు, పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే ఈరోజే స్టోర్ మేనేజర్‌తో మాట్లాడండి. కౌంటర్ కుర్రాడితో కాదు, మేనేజర్‌తోనే. ఏ తేదీ, సుమారు ఏ టైములో ఇచ్చారో చెప్పి, ఆ ఫుటేజీ తుడిచిపోకుండా పక్కన పెట్టమని అడగండి. ఫోన్లో చెప్పిన మాటనే మెసేజ్‌గా కూడా పంపించండి, రాతపూర్వకంగా ఉంటుంది.

మేనేజర్‌ని ఇంకో పని కూడా చేయించమనండి. స్కాన్ పడని ప్యాకెట్లు మామూలుగా ఎక్కడికీ పోవు. కౌంటర్ కింద అరలోనో, స్టాక్ రూంలో ఒక మూలనో పడి ఉంటాయి. లేదా ఎవరో ట్యాగు చూసి, షాపు సరుకే అనుకుని హ్యాంగర్‌కి తగిలించేస్తారు. అదే జరిగి ఉంటే ఆ బార్‌కోడ్‌తో వాళ్ల స్టాకు లెక్కలో ఒకటి ఎక్కువ రావాలి. మీ బిల్లులో ఆ రెండు వస్తువుల కోడ్ ఉంటుంది. అది చెప్పి, స్టాకు సరిచూడమని అడగండి. ఇలా కోడ్‌తో సహా అడిగితే "ఏ ప్యాకెట్టండీ" అనడం అంత తేలిక కాదు.

మీ ఆయన ఆ రోజు అక్కడికి వెళ్లారనడానికి మీ దగ్గర ఉన్న ఆధారాలన్నీ ఒకచోట పెట్టండి. బస్సు టికెట్టు దొరికితే మంచిది. లేకపోతే ఆ రోజు భీమవరంలో టీ తాగి ఫోన్‌పేలో కట్టిన పది రూపాయలైనా సరే, తేదీ, టైముతో సహా ఉంటుంది. స్టోర్‌కి దారి అడగడానికి ఫోన్ చేసి ఉంటే ఆ కాల్ కూడా పనికొస్తుంది. రిటర్న్ పెట్టినప్పుడు యాప్ ఇచ్చిన క్యూఆర్ కోడ్, "స్టోర్‌లో ఇవ్వండి" అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కొన్నాళ్లకి అవి యాప్‌లో కనిపించకుండా పోవచ్చు.

ఇవన్నీ జత చేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టండి. చాట్‌లో మాట్లాడే కస్టమర్ కేర్ వేరు, ఈయన వేరు. ఆన్‌లైన్లో అమ్మే ప్రతి కంపెనీ ఈ అధికారి పేరు, ఫోన్, మెయిల్ తన యాప్‌లోనో సైట్‌లోనో పెట్టి తీరాలి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు ఆ మాట చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీకు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మెయిల్ తెలుగులో రాసినా తప్పు లేదు, కానీ ఆర్డర్ నంబరు, రిటర్న్ నంబరు, ఇచ్చిన తేదీ, స్టోర్ చిరునామా, మొత్తం ఎంతో మాత్రం మొదటి నాలుగు లైన్లలోనే ఉండాలి. కష్టం, కోపం ఆ తర్వాత రాసుకోవచ్చు.

దానికీ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇస్తారు, కంపెనీకి వాళ్లే పంపుతారు. చాలా కంపెనీలు ఈ నంబరు చూశాకే ఫైలు తీస్తాయి, నా కళ్లతో చూసిన మాట ఇది. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న బెంగళూరుకో ముంబైకో పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి దగ్గర నుంచే దాఖలు చేయొచ్చు.

ఒక సంగతి మాత్రం తెలుసుకుని ఉండండి. వస్తువు పాడైనా, నకిలీదైనా, బొమ్మలో చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటాక వచ్చినా వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. అది నియమం. సైజు కుదరకపోవడం ఆ లెక్కలోకి రాదు. అది కంపెనీ తనంతట తాను పెట్టుకున్న రిటర్న్ పాలసీ మీద ఆధారపడి ఉంటుంది. మీ విషయంలో కంపెనీయే రిటర్న్‌కి ఒప్పుకుని స్టోర్‌లో ఇవ్వమంది కాబట్టి మీ వాదన గట్టిదే. మెయిల్‌లో "సైజు కుదరలేదు" అన్నదాని కంటే "మీరు చెప్పిన చోటే ఇచ్చాం" అన్నది ముందు రాయండి.

ఇకముందు స్టోర్‌లో ఇవ్వాల్సి వస్తే ఎలా జరగాలో మా కౌంటర్లో జరిగేది చెబుతాను, పోల్చి చూసుకోండి. మీరు ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపిస్తారు. నేను స్కాన్ చేయగానే నా స్క్రీన్ మీద వస్తువు ఫోటో, రంగు, సైజు వస్తాయి. ప్యాకెట్ విప్పి, ట్యాగు ఉందో లేదో, రంగు అదేనో కాదో మీ ఎదురుగానే చూస్తాను. బూట్లయితే కంపెనీ డబ్బా కూడా ఉండాలి, అడుగున మట్టి ఉండకూడదు. అన్నీ సరిపోతే సంచిలో వేసి, సీలు చేసి, లేబుల్ అంటించి, ఆ లేబుల్‌ని మళ్లీ స్కాన్ చేస్తాను. ఆ రెండో స్కాన్ పడ్డప్పుడే మీ ఫోన్‌కి "అందింది" అన్న మెసేజ్ వస్తుంది, ఇక్కడ స్లిప్పు బయటికొస్తుంది. ఆ మెసేజ్ రాకముందు వస్తువు ఇంకా మీదే, వచ్చాక మా బాధ్యత. అందుకని వెనక ఎంతమంది నిలబడి ఉన్నా, ఎవరు గొణుక్కున్నా, స్లిప్పు చేతికి వచ్చేదాకా మీరు కదలొద్దు. అది మీ హక్కు. ఇంకో విషయం, ఆ స్లిప్పు వేడికి అచ్చయ్యే కాగితం. చొక్కా జేబులో చెమటకి, మన ఎండలకి అక్షరాలు మాయమైపోతాయి. అక్కడే నిలబడి ఫోటో తీసేసుకోండి.

బయల్దేరే ముందు స్టోర్‌కి ఫోన్ చేసి "ఆన్‌లైన్ రిటర్న్ తీసుకుంటారా?" అని అడగండి. బోర్డు మీద అదే పేరున్నా ఫ్రాంచైజీ షాపులు కొన్ని తీసుకోవు. పంటు దాటి, బస్సెక్కి వెళ్లాక ఆ మాట వినకూడదు. పైగా మన దగ్గర గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. రిటర్న్ గడువు మాత్రం వరదని చూసి ఆగదు. వర్షాకాలంలో కొన్నవైతే వచ్చిన రోజే వేసి చూసుకోండి. వరద వల్ల వెళ్లలేకపోతే గడువు దాటకముందే చాట్‌లో ఆ విషయం రాసి, గడువు పెంచమని అడిగి, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

కొన్ని యాప్‌లలో మనమే పార్సిల్ పంపే ఆప్షన్ కూడా ఉంటుంది. మీ ఊరి పోస్టాఫీసే దానికి మేలు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టు అనే అడగండి. రసీదు మీద ట్రాకింగ్ నంబరు ఉంటుంది. పంపే ముందు ఆ ఖర్చు కంపెనీ ఎంతవరకు ఇస్తుందో యాప్‌లో చదవండి.

ప్రశ్న: ఆన్‌లైన్లో మిక్సీ కొన్నాను. మూడో రోజే మోటారు కాలిన వాసన వస్తోంది. అమలాపురంలో అదే కంపెనీ షోరూం ఉంది కదా అని తీసుకెళ్తే "మేం అమ్మింది కాదు, సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి" అన్నారు. వాళ్లు తీసుకోవాలి కదండీ?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: లేదు బాబూ, షోరూం వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. కంపెనీ ఒకటే అయినా మీకు అమ్మింది ఆ యాప్‌లోని వేరే వ్యాపారి. బిల్లు మీద "విక్రేత" అని ఎవరి పేరు ఉందో చూడండి, వెనక్కి తీసుకోవాల్సింది ఆయనే. స్టోర్‌లో ఇవ్వమని యాప్ చూపించినప్పుడే షోరూం పనికొస్తుంది.

కానీ సర్వీస్ సెంటర్‌కి తొందరపడి వెళ్లొద్దు. అక్కడ ఇస్తే అది వారంటీ రిపేరు అవుతుంది. మోటారు మార్చి అదే మిక్సీ మీ చేతికిస్తారు, ఈలోగా రిటర్న్ గడువు అయిపోతుంది. ముందు యాప్‌లో "వస్తువు పాడైంది" అన్న కారణంతో రిటర్న్ పెట్టండి. మిక్సీ నడుస్తున్నప్పుడు శబ్దం, పొగ కనపడేలా చిన్న వీడియో తీయండి. దాని కింద అంటించిన సీరియల్ నంబరు కూడా వీడియోలో పడాలి. టెక్నీషియన్‌ని పంపి చూపిస్తామంటే రానివ్వండి, ఆయన రాసిచ్చిన కాగితం మాత్రం తప్పకుండా తీసుకోండి. డబ్బా, జార్లు, మూతలు, ఆ థర్మోకోల్ ముక్కలు ఏవీ పారేయొద్దు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అమెజాన్‌లో కొన్నవి నచ్చకపోతే డబ్బా, లేబుల్ ఏమీ లేకుండా కోల్స్ అనే బట్టల షాపులో ఇచ్చేస్తానంటాడు. ఇక్కడ అలా ఎందుకు లేదు? ఇంకో సంగతి. నేను డెలివరీ రోజు నగదు ఇచ్చి తీసుకున్న వాచీ రిటర్న్ ఇచ్చాను. నిన్న ఎవరో ఫోన్ చేసి, రిఫండ్ ఆగిపోయింది, వాట్సాప్‌లో పంపిన కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. కొట్టనా?
– ఒక పెద్దాయన, పెనుగొండ

జవాబు: వద్దు బాబాయి గారూ, కొట్టొద్దు! రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతున్నాను. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతోందని అర్థం. ఓటీపీ కూడా అంతే, ఎవరికీ చెప్పకూడదు. నగదు ఇచ్చి తీసుకున్నవాటికి రిఫండ్ కావాలంటే మీరే యాప్ తెరిచి, ఆ ఆర్డర్ దగ్గర మీ బ్యాంకు ఖాతా లేదా యూపీఐ ఐడీ నమోదు చేయాలి. ఫోన్లో ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు కూడా యాప్ లోపల నుంచే తీసుకోండి. గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి. పొరపాటున ఎవరైనా ఇప్పటికే పిన్ కొట్టేసి ఉంటే, గంటలు లెక్కపెట్టుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి కూడా చెప్పాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు దారిలో ఆపగలిగే వీలు అంత ఎక్కువ.

ఇక రిఫండ్ వేసేశామని కంపెనీ అని, మీ ఖాతాలో పడకపోతే, ఆ లావాదేవీ గుర్తింపు నంబరు అడగండి: యూపీఐ అయినా బ్యాంకు ఖాతా అయినా యూటీఆర్ నంబరు, కార్డు అయితే ఏఆర్ఎన్ నంబరు. ఆ నంబరుతో బ్యాంకులో వెతికిస్తే సంగతి తేలుతుంది.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. కోల్స్‌లో ఆ పద్ధతి 2017లో కొన్ని స్టోర్లలో మొదలై, 2019 జూలైలో అమెరికాలోని వాళ్ల స్టోర్లు దాదాపు అన్నిటికీ వచ్చింది. క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు, ప్యాకింగ్ వాళ్లే చేస్తారు. మన దగ్గర చాలావరకు డెలివరీ కుర్రాడే ఇంటికొచ్చి తీసుకెళ్తాడు కాబట్టి అలాంటి కౌంటర్ల అవసరం పట్టణాల్లో అంతగా కనపడలేదు. కష్టమంతా పికప్ రాని ఊళ్లకే. లంక గ్రామాల వాళ్ల కోసం ప్రతి మండల కేంద్రంలో ఒక్కో కిరాణా కొట్టుకి ఈ పని అప్పగిస్తే ఎంతోమందికి ఒక రోజు కూలి మిగులుతుంది. కంపెనీల వాళ్లు మా కౌంటర్‌కి వచ్చినప్పుడల్లా ఈ మాట అడుగుతూనే ఉన్నాను, ఇక్కడ కూడా రాస్తున్నాను.

ప్రశ్న: ఫోన్ రిటర్న్ ఇవ్వడానికి స్టోర్‌కి వెళ్తున్నాను. ఇచ్చే ముందు ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: సిమ్, మెమరీ కార్డు తీసేయమ్మా. ఫోటోలు వేరేచోట దాచుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి నీ గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ నీ పాస్‌వర్డే అడగొచ్చు, అప్పుడు కౌంటర్లో లాక్ ఉందని తిప్పి పంపేస్తారు. ఐఫోన్ అయితే పోయిన ఫోన్‌ని వెతికే "ఫైండ్ మై" ఆపాలి. చార్జర్ ఇచ్చి ఉంటే అది కూడా డబ్బాలో పెట్టు. ఫోన్లో ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు), డబ్బా మీది నంబరు ఒకటేనని ఫోటో తీసుకుని బయల్దేరు. ఇచ్చాక స్లిప్పు మీద కూడా అదే నంబరు పడిందో లేదో అక్కడే చూసుకో.