నారింజ అంటే ఏ పండు?

సందేహం: మా అబ్బాయి పుస్తకంలో ఒలుచుకు తినే తియ్యటి పండు బొమ్మ వేసి కింద ‘నారింజ’ అని రాశారు. మా అమ్మమ్మ మాత్రం నారింజ అంటే ఊరగాయ పెట్టే పుల్లకాయ అంటుంది. కడపలో ఉండే మా వదిన బత్తాయిని చీనీ అంటుంది. ఎవరి మాట ఒప్పు? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మమ్మగారి మాట పాతది, గట్టిది కూడా. సంస్కృతంలో నారంగం, పారసీకంలో నారంగ్. అరబ్బులకు ‘గ’ పలకదు కాబట్టి వాళ్ల నోట నారంజ్ అయింది. వాళ్లు ఆ చెట్టును స్పెయిన్ దాకా తీసుకెళ్తే పేరూ వెంట వెళ్లింది. ఇంగ్లీషుకు చేరేసరికి మొదటి ‘న’ ఊడిపోయి ఆరెంజ్ మిగిలింది. అరబ్బులు తీసుకెళ్లింది పుల్లకాయనే. తియ్యటి రకం యూరప్‌లో బాగా పాకింది 15, 16 శతాబ్దాల్లో. అంటే ఇంగ్లీషువాళ్లకీ మొదట ఆరెంజ్ అంటే పుల్లటిదే! తర్వాత ఆ పేరు తియ్యటిదానికి మళ్లింది. మన బడిపుస్తకాలు ఆ మళ్లిన అర్థాన్ని తెచ్చి పాత మాటకు తగిలించాయి.

తియ్యటి వాటికి మన పేర్లు మనకున్నాయి. తొక్క వదులుగా ఉండి చేత్తో ఒలిచేది కమలా. రసం తీసేది బత్తాయి. రాయలసీమలో దాన్నే చీనీ అంటారు, అంటే చైనా కాయ. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సైనెన్సిస్’ పేరుకూ అదే అర్థం, కాబట్టి మీ వదినగారిని దిద్దకండి. బత్తాయి అన్నది బటావియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, మోసంబి మొజాంబిక్ నుంచి వచ్చాయంటారు. ఒకే కాయకు మూడు దేశాల పేర్లు!

పంపరపనస కూడా ఈ కుటుంబమే, పనసతో దానికి ఏ చుట్టరికమూ లేదు. తమిళుల పంబళిమాసు, డచ్చివారి పొంపెల్‌మూస్ దాని బంధువులు. పరాయి మాట తెలిసిన మాటలా వినిపిస్తే జనం అలాగే దిద్దుకుంటారు. తమాషా ఏమిటంటే, నారింజా బత్తాయీ రెండూ పంపరపనస, కమలా జాతులు కలిసి పుట్టినవేనని వృక్షశాస్త్రం తేల్చింది.

ఇక పుస్తకం సంగతి. ‘నారింజ రంగు’ స్థిరపడిపోయింది, ఉండనివ్వండి. పండు బొమ్మ కింద మాత్రం ‘కమలా’ అని రాస్తే పిల్లవాడికీ పండ్ల బండివాడికీ మాట కలుస్తుంది. కేరళ వెళ్తే మాత్రం జాగ్రత్త, అక్కడ ‘నారంగ’ అని అడిగితే నిమ్మకాయ చేతిలో పెడతారు.