గజాలీ మీద తీర్పు రాసే ముందు

అమ్మా,

నీ ఉత్తరం, దాంతో పంపిన మొదటి అధ్యాయం అందాయి. గ్రీకు తత్వశాస్త్రాన్ని ముస్లిం ఆలోచనాపరులు ఎలా చూశారన్నది డిసర్టేషన్‌కి తీసుకున్నావని చదివి చాలా సంతోషం వేసింది. అధ్యాయం రెండుసార్లు చదివాను. తత్వవేత్తలను ఖండించిన పదకొండో శతాబ్దపు మతపండితుడు గజాలీ గురించి చెబుతూ "గజాలీతో ఇస్లాంలో తత్వశాస్త్రం చచ్చిపోయింది" అని మూడో పేజీలో రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి. కోప్పడుతున్నానని అనుకోకు. నేనూ చాలా ఏళ్లు క్లాసులో అదే చెప్పాను, గజాలీ పుస్తకం ఒక్కటి కూడా తెరవకుండా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా చేత అది మాన్పించింది మదర్సాలో చదువుకుని డిగ్రీలో చేరిన ఒక కుర్రాడు. క్లాసు అయ్యాక సంచిలోంచి పలుచటి పుస్తకం తీశాడు. పేరు ఈసాగోజీ. పేజీల అంచులన్నీ చిన్న చిన్న అక్షరాలతో నిండిపోయి ఉన్నాయి. "సార్, తర్కంలో మాకు మొదటి పాఠాలు ఇవే" అని జిన్స్, నౌ, ఫస్ల్, ఖాస్సా, అరజె ఆమ్ అంటూ గడగడా అప్పజెప్పాడు. మూడో శతాబ్దంలో గ్రీకులో రాసిన తత్వవేత్త పోర్ఫిరీ చెప్పిన ఐదు విభాగాలు అవి: జాతి, ఉపజాతి, భేదం, ప్రత్యేక లక్షణం, సాధారణ లక్షణం. ఈ అరబ్బీ పుస్తకం గజాలీ పోయి వందేళ్లు దాటాక అబ్హరీ రాసింది. పేరు మాత్రం గ్రీకు మాటే, 'ప్రవేశిక' అని అర్థం. మన సంస్కృత పాఠశాలల్లో తర్కసంగ్రహం కంఠతా పట్టినట్టు ఆ పిల్లవాడు దాన్ని పట్టాడు. చచ్చిపోయిన విద్యను పిల్లల చేత ఎవరు వల్లె వేయిస్తారు?

అందుకే "ఇస్లాం గ్రీకు ఆలోచనను ఒప్పుకుందా, కాదందా" అనే ప్రశ్నే పక్కన పెట్టు. ఎవరు, గ్రీకు విద్యలో ఏ భాగాన్ని, ఏ కారణంతో కాదన్నారు అని అడుగు. గణితం, వైద్యం, తర్కం, దేవుడి గురించిన సిద్ధాంతం అన్నీ ఒకే మూటలో వచ్చాయి కానీ మూట మొత్తాన్ని ఒకేలా ఎవరూ చూడలేదు.

అనువాదకుల దగ్గర మొదలుపెట్టు, ముఖ్యంగా హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ దగ్గర. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో ఉన్న క్రైస్తవ వైద్యుడు ఆయన. గ్రీకు వైద్యుడు గాలెన్ నిరూపణ గురించి రాసిన ఒక గ్రంథం కోసం ఇరాక్ ఉత్తర ప్రాంతం, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగి అలెగ్జాండ్రియా దాకా వెళ్లాడు. చివరికి డమాస్కస్‌లో సగం దొరికింది, అదీ వరస తప్పి. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. వీలైనప్పుడల్లా ఒకే పుస్తకానికి పలు ప్రతులు సంపాదించి, పోల్చి చూసి, పాఠం సరిచేసుకుని అప్పుడు అనువాదం మొదలుపెట్టేవాడు. ఖలీఫా మామూన్ కలలో అరిస్టాటిల్ కనిపించాడన్న కథకు నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. దాన్ని రెండు వాక్యాలకు తగ్గించి ఆ చోటు హునైన్‌కి ఇవ్వు.

ఒక చిక్కు కూడా చెబుతాను. అరబ్బీ రచయితలు అరస్తూ (అరిస్టాటిల్‌కు వాళ్ల పేరు) అన్న ప్రతిచోటా మనకు తెలిసిన అరిస్టాటిలే అనుకోకు. 'అరిస్టాటిల్ దైవశాస్త్రం' పేరుతో అరబ్బీలో తిరిగిన పుస్తకం నిజానికి తర్వాతి కాలపు గ్రీకు తత్వవేత్త ప్లొటైనస్ రచనకు మార్చి రాసిన రూపం. ఇది గుర్తు పెట్టుకోకపోతే ముస్లిం తత్వవేత్తలు ఫారాబీ, ఇబ్న్ సీనాల మీద రాసే అధ్యాయాల్లో సగం అయోమయంగా ఉంటాయి.

ఇక గజాలీ. 1095లో ముగించిన 'తహాఫుతుల్ ఫలాసిఫా' (తత్వవేత్తల అసంబద్ధత)కు ఉపోద్ఘాతం ముందు చదువు, మెల్లగా. గ్రహణాల గురించి అక్కడ ఒక పేరా ఉంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి అడ్డం రావడం వల్లే చంద్రగ్రహణం అని లెక్క కట్టి చూపిస్తే, మతం పేరు చెప్పి దాన్ని ఖండించేవాడు మతానికే చేటు చేస్తున్నాడంటాడు. లెక్క తెలిసినవాడు లెక్కను అనుమానించడు, మతాన్నే అనుమానిస్తాడని ఆయన బెంగ. ఆ పేరా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఆయన్ని వెనకేసుకురావడానికి కఠినమైన మాటలు దాచకు. ఇరవై అంశాల్లో తత్వవేత్తలను పట్టుకుని, మూడింటి మీద కుఫ్ర్, అంటే మతాన్ని కాదనే అవిశ్వాసం, అన్నాడు. లోకం అనాది అనడం, దేవుడికి సామాన్య విషయాలే తప్ప విడివిడి సంగతులు తెలియవనడం, దేహంతో పునరుత్థానం లేదనడం. ఆ కాలంలో అది ప్రాణం మీదికి తెచ్చే మాట. పదిహేడో చర్చలో పత్తి, నిప్పు ఉదాహరణ వస్తుంది. నిప్పు తగిలినప్పుడు పత్తి కాలడం చూస్తున్నాం, నిప్పు వల్లే కాలుతోందన్నది మాత్రం కంటికి కనిపించదు అంటాడు. ఇంత పదునుగా వాదించడానికి ఆయన వాడిన తర్కం అరిస్టాటిల్‌దే. తర్కం మీద పట్టు లేనివాడి చదువును నమ్మలేమని తర్వాత ధర్మశాస్త్ర గ్రంథం 'ముస్తస్ఫా' మొదట్లో రాసిందీ ఆయనే.

పక్కనే పన్నెండో శతాబ్దపు స్పెయిన్ తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ గజాలీకి రాసిన జవాబు పెట్టుకుని చదువు. కారణాలను కాదనడం బుద్ధినే కాదనడం అంటాడు. ఆయన కార్డోబా ఖాజీ అన్నది మరిచిపోకు. 'ఫస్లుల్ మఖాల్'లో ఖాజీలాగే అడుగుతాడు: షరీయత్ ప్రకారం తత్వశాస్త్రం చదవవచ్చా, కూడదా, చదివి తీరాలా? అర్హత ఉన్నవాళ్లు చదివి తీరాలని ఆయన తీర్పు. నీళ్లు గొంతుకు అడ్డంపడి ఎవరో పోయారని దప్పికతో ఉన్నవాడికి నీళ్లు ఇవ్వకుండా చంపుతామా అంటాడు. 1195లో ఆయన్ని లుసేనాకు వెళ్లగొట్టి, తత్వశాస్త్ర గ్రంథాలు తగలబెట్టారు. అదీ రాయి.

తర్వాతి కాలపు మతపండితుడు ఇబ్న్ తైమియా గురించి ఒక్క పేరా చాలు. కానీ ఆయన్ని మూఢుడిలా చూపించకు. తర్కాన్ని ఖండిస్తూ పెద్ద గ్రంథం రాశాడంటే ఆ తర్కం లోపలికి వెళ్లి చూసినవాడే.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. చార్మినార్ దగ్గరి యునానీ ఆసుపత్రి ముందు నుంచి రోజూ వెళ్తుంటావు కదా, యునానీ అంటే గ్రీకు అనే అర్థం. ఉస్మానియా క్యాంపస్‌లో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది, 1888 నుంచి అరబ్బీ గ్రంథాలు అచ్చు వేస్తున్న సంస్థ. అరిస్టాటిల్ గ్రంథాలకు ఇబ్న్ రుష్ద్ రాసిన సంగ్రహాలను 1947లో అచ్చు వేసింది వాళ్లే. అరబ్బీ రాదని టెన్షన్ పడకు. వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదివించుకో, అర్థం అడుగు, ప్రతి పారిభాషిక పదం నోట్‌బుక్‌లో రాసుకో.

రెండో అధ్యాయం పంపేటప్పుడు ఆ గ్రహణాల పేరాకు నీ తెలుగు అనువాదం కూడా జత చెయ్యి. నా దగ్గరున్నదాంతో పోల్చి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ సార్