పికప్ డోర్లకు కొత్త స్పీకర్ వైరు: రబ్బరు గొట్టంలోంచే లాగండి, సందులోంచి తీయనివ్వకండి

అన్నా, మీరు అడిగింది ఇది కదా: డోరు తెరిస్తే ఎడమ స్పీకరు పాడుతోంది, మూస్తే ఆగిపోతోంది. షాపులో అడిగితే రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు పోదు, డోరు సందులోంచి బయటికి తీసి వేసేస్తాం అన్నారు. ఒప్పుకోవచ్చా అని. ఒప్పుకోవద్దు. నేను ఒప్పుకున్నాను, స్టీరియో పోయింది. తర్వాత నేనే కూర్చుని రెండు డోర్లకూ కొత్త వైరు లాగాను. ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి, మళ్లీ చెయ్యి పెట్టలేదు.

మాది మదనపల్లె. నాయన, నేను పికప్‌లో టమాటా లోడు వేసుకుని పీలేరు, చిత్తూరు మీదుగా మద్రాసు కోయంబేడు మార్కెట్టుకు రాత్రిపూట పోతాం. నాయన ముప్పై ఏళ్లుగా కుడిపక్క అద్దం దించుకునే బండి నడిపాడు. ఆ గాలికి, పక్కన పోయే లారీల హారన్లకు ఆయన కుడి చెవి మందగించింది. ఎడమ డోరులో స్పీకరు ఆగిందంటే మాకు పాట సగం తగ్గినట్టు కాదు, ఆయనకు మొత్తం ఆగిపోయినట్టే. రాత్రి రెండు గంటలప్పుడు క్యాబిన్‌లో చప్పుడు లేకపోతే నిద్ర ఎట్లా ముంచుకొస్తుందో లోడు బండి తోలినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకని ఈ వైరు సంగతి నాకు సోకు పని కాదు.

మొదటిసారి డోరు కీలు దగ్గర పాత వైరు తెగింది. డోరుకూ పిల్లరుకూ (డోరు కీళ్లు బిగించి ఉండే బాడీ స్తంభానికీ) మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టం లోపల వైర్లు తలుపు తీసిన ప్రతిసారీ ఒకే చోట మడుస్తాయి. మాది రోజుకు ఇరవై ముప్పైసార్లు డోరు తీసే బండి. ఏళ్ల తరబడి మడిచి మడిచి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పై తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. డోరు తెరిచినప్పుడు తెగిన కొసలు తగులుకుంటాయి, మూస్తే విడిపోతాయి. మీ బండిలో జరుగుతున్నదీ అచ్చం ఇదే అని నా నమ్మకం. బొలెరో అయినా, యోధా అయినా, దోస్త్ అయినా కీలు దగ్గర మడిచే వైరుకు ఎప్పటికైనా వచ్చే అరుగుదలే ఇది.

నేను వెళ్లిన షాపులో రబ్బరు గొట్టం జోలికే పోలేదు. డోరు అంచు రబ్బరు బీడింగు పక్కనుంచి వైరు లాగి, అరగంటలో పాట వినిపించి పంపారు. మాకూ అప్పుడు లోడు టైము. నాలుగు నెలలు బాగానే ఉంది. అక్టోబరు వానలు మొదలయ్యాక ఒక రాత్రి ముందు గరగర, తర్వాత నాలుగు స్పీకర్లూ ఒకేసారి బంద్. డోరు రేకు అంచు వైరు తొడుగును కోసేసింది, లోపలి రాగి బయటపడి బాడీకి తగిలింది.

ఒక్క వైరు బాడీకి తగిలితే నాలుగు స్పీకర్లు ఎందుకు ఆగుతాయి అన్నది తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. హెడ్‌లైటుకు, హారన్‌కు మైనస్ అంటే బండి బాడీయే. స్పీకరుకు అట్లా కాదు. ఇప్పటి స్టీరియోల్లో ఒక్కో స్పీకరుకు పోయే రెండు వైర్లనూ ఐసీయే, అంటే సెట్టు లోపలుండే యాంప్లిఫయరు చిప్పే, నడుపుతుంది. పాట లేనప్పుడు కూడా ఆ రెండింటి మీదా బాడీతో పోలిస్తే బ్యాటరీ వోల్టేజీలో దాదాపు సగం, అంటే ఆరేడు వోల్టులు ఉంటాయి. స్పీకరు మైనస్ అని పేరే గానీ అది బాడీ మైనస్ కాదు. దాన్ని రేకుకు తగిలిస్తే ఐసీని షార్ట్ చేసినట్టే. నాలుగు చానళ్లూ ఒకే ఐసీలో ఉంటాయి గనక ఒకటి షార్ట్ అయితే అన్నీ మూగబోతాయి. మంచి సెట్లలో రక్షణ ఉంటుంది, షార్ట్ తీసేస్తే మళ్లీ పాడతాయి. మా సెట్టు పాడలేదు. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి ఫ్యూజు ఉంది కదా అని ధైర్యపడొద్దు.

పని మొదలుపెట్టే ముందు తప్పు వైరుదేనని తేల్చుకోండి. స్టీరియో బయటికి లాగి వెనక సాకెట్టు ఊడదీయండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు తీసుకుని ఎడమ స్పీకరుకు పోయే రెండు వైర్లకూ ఒక్క క్షణం తాకించండి. స్పీకరులో 'టక్' అని వినిపించాలి. బయట కొనే స్టీరియోల వైరింగులో ముందు ఎడమకు తెలుపు, తెలుపు మీద నల్ల గీత, ముందు కుడికి బూడిద రంగు, దాని మీద నల్ల గీత ఉంటాయి. గీత ఉన్నది మైనస్. మీ పిల్లాడినో, క్లీనరునో డోరు మెల్లగా తీసి మూయమని, మీరు సెల్లు తాకిస్తూ ఉండండి. డోరు ఒక కోణానికి రాగానే టక్ ఆగిపోతే వైరు తెగినట్టే. ఎక్కడ పెట్టినా టక్ రాకపోతే స్పీకరే పోయి ఉండొచ్చు. మల్టీమీటరు ఉంటే స్పీకరు ఆకుల (వైర్లు తగిలించే రేకు ముక్కల) దగ్గర ఓమ్స్ చూడండి. 4 ఓమ్‌ల స్పీకరు మూడున్నర దగ్గర చూపిస్తుంది. స్టీరియో సాకెట్టు ఊడదీసే ఉంచి, వైరుకూ బాడీకీ మధ్య కూడా చూడండి, అక్కడ ఏమీ చూపించకూడదు.

వైరు కొనేటప్పుడు డబ్బులు వృథా చేసుకోకండి. స్టీరియో డబ్బా మీద 4×50 వాట్లని రాసున్నా, 12 వోల్టుల బండిలో విడిగా యాంప్లిఫయరు పెట్టకుండా 4 ఓమ్‌ల స్పీకరుకు నికరంగా అందేది ఇరవై వాట్ల చుట్టుపక్కలే. అంటే రెండు ఆంపియర్ల పైమాట కరెంటు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు దాదాపు 0.013 ఓమ్. స్టీరియో నుంచి ఎడమ డోరుకు మూడున్నర మీటర్లు అనుకుంటే పోను రాను ఏడు మీటర్లు, మొత్తం 0.09 ఓమ్. నాలుగు ఓమ్‌ల ముందు అది లెక్కలోకి రాదు. కాబట్టి 1 లేదా 1.5 చాలు. 2.5 వేస్తే సౌండు పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. పైగా లావు వైరు రబ్బరు గొట్టంలో పట్టదు, కీలు దగ్గర మడవదు. రెండు కోర్లు కలిసి వచ్చే జంట వైరు, రెండు డోర్లకూ కలిపి పది మీటర్లు తీసుకుంటే మిగులుతుంది.

చూడాల్సింది లావు కాదు, లోపల ఏముందని. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి వైరు పేరుతో అమ్మేస్తున్నారు. ఒక పోగును బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అది కరెంటును తక్కువ మోస్తుందన్నది ఒక ఎత్తు, మడిచే చోట రాగి కంటే చాలా ముందే విరిగిపోతుందన్నది ఇంకో ఎత్తు. మనం చేస్తున్నదే మడిచే చోట పని. పోగులు సన్నగా, ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు అడగండి.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. తర్వాత డోర్ ప్యాడ్, అంటే డోరు లోపలి పక్క కప్పి ఉండే అట్ట. లోపలి హ్యాండిల్ వెనక, చేతిపిడి అడుగున స్క్రూలు దాగి ఉంటాయి, అవన్నీ తీశాకే ప్యాడ్ అంచు పట్టుకుని లాగాలి. చేత్తో తిప్పే అద్దం హ్యాండిల్‌కు కొన్ని బండ్లలో స్క్రూ ఉంటుంది, కొన్నింటిలో వెనకాల గుర్రపునాడాలాంటి క్లిప్పు. క్లిప్పు అయితే హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య పాత గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగితే చిటుక్కున వచ్చేస్తుంది. అది ఎగిరి పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోండి. ప్యాడ్ ప్లాస్టిక్ క్లిప్పులు రెండు మూడు విరుగుతాయి, ముందే అర డజను కొని పెట్టుకోండి. ప్యాడ్ వెనక అతికించిన ప్లాస్టిక్ షీటును చింపకండి. అద్దం పక్కనుంచి డోరులోకి దిగే వాన నీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. మెల్లగా ఊడదీసి, మళ్లీ అదే బంకకు అతికించండి.

ఇక అసలు కష్టం రబ్బరు గొట్టం. డాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టే చోట పక్క ప్లాస్టిక్ మూత తీస్తే గొట్టం పిల్లరులోకి దిగే చోటు కనిపిస్తుంది, లేదా కనీసం చేతికి తగులుతుంది. గొట్టం రెండు కొసలనూ పిల్లరు నుంచీ డోరు నుంచీ ఊడదీయండి, అంచును గోటితో మడిచి లాగితే వస్తుంది. కొసలు వదులైతే గొట్టాన్ని చొక్కా చేయి పైకి జరిపినట్టు కుదించవచ్చు. పొడుగు సగమైతే శ్రమ సగం తగ్గుతుంది. నేను మొదట ఇది చేయకుండా ఎడమ డోరు దగ్గర రెండు గంటలు తంటాలు పడ్డాను. కుదించాక కుడి డోరు అరగంటలో అయిపోయింది.

వైరును నేరుగా తోస్తే పోదు, మధ్యలో ముడతపడి ఆగుతుంది. మోటారుసైకిల్ పాత క్లచ్ కేబుల్ లోపలి తీగ తెచ్చుకోండి. కొసను టేపుతో చుట్టి మొండిగా చేయండి, లేకపోతే దాని పోగులు లోపలున్న సెంట్రల్ లాక్ వైర్లను గుచ్చుతాయి. గొట్టం లోపలికి కాస్త సబ్బునీళ్లు పొయ్యండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. తీగ ఆ పక్కకు వచ్చాక కొత్త వైరును దానికి కట్టాలి. ఇక్కడ ఒక కిటుకు: రెండు కోర్లనూ ఒకే పొడవున ఉంచకుండా ఒక కోరును రెండంగుళాలు పొట్టిగా కత్తిరించి, ఒకదాని వెనక ఒకటి తీగకు చుట్టి టేపు వేయండి. ముడి లావెక్కదు, జారుతుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇటునుంచి అందించాలి. ఒక్కరే చేస్తే మధ్యలో తొడుగు గీరుకుపోతుంది.

తెగిన పాత వైరుకు ఆ చోటే ముక్క అతకడం మాత్రం చేయకండి. గొట్టం లోపల అతుకు ఉండకూడదు, టేపు అయినా, సోల్డరు అయినా. సోల్డరు పాకిన చోట వైరు పుల్లలా బిర్రుగా అవుతుంది, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. స్టీరియో వెనక నుంచి స్పీకరు దాకా ఒకటే వైరు రానివ్వండి. పొడవు కొలిచేటప్పుడు డోరు పూర్తిగా తెరిచి కొలవండి, అప్పుడు కూడా గొట్టంలో వైరు బిగుసుకోకుండా వదులు ఉండాలి.

కొన్ని లోడు బండ్లలో పవర్ విండో, సెంట్రల్ లాక్ ఏమీ ఉండవు, డోరుకు వైరే పోదు, గొట్టమూ ఉండదు. మీది అట్లాంటిదైతే బొక్క వేయక తప్పదు, కానీ పద్ధతి ఉంది. పిల్లరు మీద ఒకటి, డోరు అంచు మీద ఒకటి, రెండూ ఎదురెదురుగా కాకుండా ఎత్తులో కాస్త తేడాతో వేయాలి. అప్పుడు డోరు మూసినప్పుడు వైరు నలగకుండా పక్కకు వాలుతుంది. డ్రిల్లు పెట్టే ముందు రేకు వెనక ఏ వైరూ, అద్దం పట్టాలూ లేవని చెయ్యి పెట్టి చూసుకోండి. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు పూసి, ఆరాక రబ్బరు బుష్ ఎక్కించి, మధ్యలో వైరుకు రబ్బరు ట్యూబు తొడగండి. ట్యూబు నడుమ కిందికి వేలాడేలా ఉంచితే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది, క్యాబిన్‌లోకి పాకదు. బుష్ లేకుండా ఉత్త రేకులోంచి వైరు తీస్తానంటే ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

డోరు లోపల వైరును అద్దం దిగే దారికి, దాన్ని ఎత్తే ఇనుప చేతులకు దూరంగా, రెండు మూడు చోట్ల క్లిప్పుతో గానీ కేబుల్ టై తో గానీ కట్టండి. స్పీకరు దగ్గరికి వచ్చే ముందు వైరు ఒకసారి కిందికి దిగి పైకి ఎక్కాలి, అప్పుడు వైరు వెంట పాకే నీరు స్పీకరు ఆకుల మీదికి పోదు. డోరు అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటే ఈ దెబ్బకే పుల్లతో శుభ్రం చేయండి. మా డోరులో చూస్తే ఎండిన టమాటా ఆకులు, దుమ్ము గట్టిగా పేరుకుని ఉన్నాయి. పాత స్పీకరు కాగితం కోను అడుగున చీకిపోవడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది.

స్పీకరుకు రెండు ఆకులుంటాయి, వెడల్పుది ప్లస్, సన్నది మైనస్. వైరు కొసలకు సరైన సైజు లగ్గులు (ఆకులకు తొడిగే లోహపు క్లిప్పులు) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, తొడగండి. ఒక డోరుకు తిరగేసి ఇస్తే రెండూ పాడతాయి గానీ బేస్ పలచబడుతుంది, డోలు చప్పుడు ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. ఇందాకటి సెల్లుతోనే చూసుకోవచ్చు: వైరులో ప్లస్ అనుకున్నదానికి సెల్లు ప్లస్ తాకిస్తే కోను ముందుకు రావాలి. రెండు డోర్లలోనూ ముందుకే రావాలి.

ప్యాడ్ బిగించే ముందే అద్దం పూర్తిగా దించి ఎత్తి, డోరు ఇరవైసార్లు తీసి మూసి, పాట పెట్టి చూడండి. ముందు మీ కుడి డోరు చేయండి, చెయ్యి తిరుగుతుంది, తర్వాత ఎడమది. రెండు డోర్లకు ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకోండి, లోడు ఉన్న రోజు మొదలెట్టకండి. మంచి వాన పడ్డాక కాళ్ల దగ్గర పక్క మూత తీసి గొట్టం కొస కింద వేలితో తడిమి చూడండి. తడి తగిలితే గొట్టం అంచు గాడిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం, ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టండి.