మల్టీఎఫెక్ట్స్‌లో ఇంట్లో బాగున్న గిటార్ టోన్ జామ్‌రూమ్‌లో ఎందుకు చెడిపోతుంది?

మీరు హెచ్‌ఎక్స్ స్టాంప్ కొన్నారు, అంటే యాంప్, స్పీకర్, ఎఫెక్ట్స్ అన్నిటినీ డిజిటల్‌గా అనుకరించే చిన్న పెట్టె (మోడెలర్). హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయే ప్రీసెట్ (సేవ్ చేసుకున్న సెట్టింగ్) మాదాపూర్ జామ్‌రూమ్‌లో దోమల మోతలా వినిపిస్తోంది, డ్రమ్స్ మొదలయ్యాక అదీ వినిపించడం లేదు. అమ్మేసి ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచే అసలు యాంప్) కొనమంటారా అని అడిగారు. అమ్మకండి. హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్‌లు, కేఫ్ షోలు ఏళ్ల తరబడి ఇలాంటి పెట్టెతోనే వాయిస్తున్నాను. నేను చూసినంతలో టోన్ చెడేది యాంప్ మోడల్ దగ్గర కాదు. దాని తర్వాత వచ్చే క్యాబ్ (గిటార్ స్పీకర్ పెట్టెను, దాని ముందు మైక్‌ను అనుకరించే బ్లాక్), స్పీకర్, వాల్యూమ్ దగ్గర. అందరూ గంటలకొద్దీ యాంప్‌లు మార్చి చూస్తారు గానీ, ఈ మూడింటినీ పట్టించుకోరు.

ముందు ఒకటి చూసుకోండి. జామ్‌రూమ్‌లో పెట్టెను దేనికి కలుపుతున్నారు? మోడెలర్ నుంచి వచ్చేది గదిలో యాంప్ ఎదురుగా నిలబడితే వినిపించే శబ్దం కాదు, స్టూడియోలో క్యాబ్ ముందు మైక్ పెడితే రికార్డయ్యే శబ్దం. దాన్ని మిక్సర్‌కో, పవర్డ్ స్పీకర్‌కో ఇవ్వాలి. అక్కడున్న గిటార్ కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) ముందువైపు ఇన్‌పుట్‌లో పెడితే ఒక ప్రీయాంప్ (యాంప్‌లో టోన్ తయారయ్యే మొదటి భాగం) మీద ఇంకో ప్రీయాంప్, ఒక క్యాబ్ మీద ఇంకో క్యాబ్ పడి గందరగోళం అవుతుంది. కాంబోనే వాడాల్సి వస్తే వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ అని ఉంటుంది, అందులో పెట్టి మీ పెట్టెలో క్యాబ్ బ్లాక్ ఆపేయండి. మిక్సర్‌కి వెళ్తే మాత్రం క్యాబ్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లోని గరగర చాలావరకు ఆ పైనే ఉంటుంది. పీఏ స్పీకర్ (మిక్సర్‌కి కలిపి అందరికీ వినిపించే స్పీకర్) దాన్ని దాచకుండా వినిపిస్తుంది. మీ దోమలు అక్కణ్నుంచే వస్తూ ఉండొచ్చు.

ఇక వాల్యూమ్. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్, బాగా పైనుండే ట్రెబుల్ సరిగ్గా ఆనవు. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ ఆంటీకి భయపడి మెల్లగా వాయిస్తూ టోన్ పెడితే, తెలియకుండానే బాస్, ట్రెబుల్ పెంచి మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తగ్గిస్తాం. హెడ్‌ఫోన్స్‌లో అది చాలా ఖరీదైన శబ్దంలా ఉంటుంది. అదే ప్రీసెట్ జామ్‌రూమ్‌లో గట్టిగా పెట్టగానే కింద గుమ్ముమంటుంది, పైన చెవులు కోస్తుంది. మధ్యలో గిటార్ ఉండదు. పైగా మన ఊళ్లో సెల్లార్‌లో ఉండే చిన్న జామ్‌రూమ్‌లలో బాస్ ఇంకా ఉబ్బుతుంది. కాబట్టి ఎవరూ లేని టైమ్‌లో ఒక గంట జామ్‌రూమ్ బుక్ చేసుకుని, ఒక్కరే వెళ్లి, బ్యాండ్‌తో వాయించేంత వాల్యూమ్‌లో ప్రీసెట్‌లు మళ్లీ కట్టుకోండి. కొత్త పెడల్ కొనే డబ్బుకంటే ఆ గంట అద్దె ఎక్కువ పని చేస్తుంది.

అక్కడ నేనైతే ఇలా చేస్తాను. యాంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి వదిలేస్తాను. ముందు క్యాబ్ సంగతి తేలుస్తాను. హెలిక్స్ (మీ స్టాంప్ ఆ కుటుంబంలోదే) 3.50 అప్‌డేట్ తర్వాత క్యాబ్ బ్లాక్‌లో మైక్‌ని స్పీకర్ మధ్య నుంచి అంచువైపు జరపవచ్చు. మధ్యలో ఉంటే పదునుగా, అంచుకి వెళ్లేకొద్దీ మొద్దుగా ఉంటుంది. ఆ కాస్త జరపడంలో వచ్చే తేడా యాంప్ ట్రెబుల్ నాబ్ మొత్తం తిప్పినా రాదు. బయటి ఐఆర్‌లు (ఇంపల్స్ రెస్పాన్స్‌లు, అసలు క్యాబ్, మైక్ శబ్దాన్ని పట్టిన ఫైళ్లు) వాడేవాళ్లకూ ఇదే. వందల ఐఆర్‌లు డౌన్‌లోడ్ చేసుకుంటే వినడంతోనే సాయంత్రం గడిచిపోతుంది, వాయించడం ఉండదు. నాకు సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్, ఎస్‌ఎమ్57 మైక్ ఉన్న ఒక ఐఆర్ బ్యాండ్‌లో మిగతా వాయిద్యాల మధ్య నుంచి స్పష్టంగా వినిపిస్తుంది. దానికి పైమిడ్స్ కొంచెం ఎక్కువ. ఒంటరిగా వింటే అంత అందంగా ఉండదు, నిజమే. క్లీన్ (డిస్టార్షన్ లేని) పాటలకి గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఉన్నది పెట్టుకుంటాను. ఈ రెండిటితోనే సరిపెట్టుకుంటున్నాను.

అదే క్యాబ్ బ్లాక్‌లో లో కట్, హై కట్ ఉంటాయి, మీరు పెట్టిన ఫ్రీక్వెన్సీకి కింద, పైన ఉన్న శబ్దాన్ని కోసేవి. గిటార్ ఆరో తీగ ఇ నోట్ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని కింద మీకు కావాల్సింది ఏమీ లేదు, అది బాస్ గిటార్‌కీ కిక్ డ్రమ్‌కీ వదిలేయండి. లో కట్ దానికి కొంచెం పైనే, 90, 100 హెర్ట్జ్ దగ్గర, హై కట్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి చూడండి. ఇంట్లో వింటే పల్చగా అయిపోయిందే అనిపిస్తుంది. బ్యాండ్‌లో విన్నాక మాట్లాడండి.

గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించండి. రికార్డుల్లో వినే ఆ బరువైన రిథమ్ గిటార్ తరచుగా ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమకి ఒకటి, కుడికి ఒకటి పెట్టడం వల్ల వచ్చేది. ఒక్క గిటార్‌తో గెయిన్ పెంచితే ఆ బరువు రాదు, కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) ముద్దయిపోతాయి. స్టాంప్‌లో స్క్రీమ్ 808 అనే పెడల్ ఉంటుంది, ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి మోడల్. యాంప్ ముందు దాన్ని పెట్టి, డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి పెట్టండి. అది యాంప్‌లోకి వెళ్లే బాస్‌ని తగ్గించి మిడ్స్‌ని తోస్తుంది, రిఫ్‌లు బిగుతుగా వస్తాయి. యాంప్ గెయిన్ మీరు అనుకున్నదానికంటే తక్కువే సరిపోతుంది.

నాబ్‌ల విషయంలో ఒక మాట. అన్ని యాంప్‌లలో 5 అంటే సమానం అని కాదు. ఫెండర్ ట్విన్ తరహా యాంప్‌లో మిడ్ నాబ్ సగంలో ఉన్నా మిడ్స్ గుంటపడే ఉంటాయి, అందుకని దాన్ని నిర్భయంగా 7, 8కి తిప్పండి. వాక్స్ ఏసీ30లో కట్ అనే నాబ్ పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది, మనం అనుకునేదానికి తిరకాసు.

స్టీరియో డిలే, వెడల్పాటి కోరస్ హెడ్‌ఫోన్స్‌లో ముద్దొస్తాయి. మన కేఫ్‌లలో చాలాచోట్ల పీఏ మోనోనే. ఒక్క కేబుల్‌తో మోనోలో విని చూసుకోండి. రివర్బ్ సగానికి తగ్గించండి, గదే కొంత ఇస్తుంది.

సినిమా పాటలు వాయించే బ్యాండ్ అయితే ఇంకో చిక్కు ఉంది. కీబోర్డ్ ప్యాడ్స్, రిథమ్ ప్యాడ్, ఇద్దరు సింగర్లు, అందరూ మీ మిడ్స్‌లోనే కూర్చుంటారు. చరణంలో గిటార్ వెనక్కి తగ్గాలి, సోలో వచ్చినప్పుడు ముందుకి రావాలి. దానికి గెయిన్ పెంచే స్విచ్ పెట్టుకోకండి. యాంప్ తర్వాత ఒక ఈక్యూ (ఈక్వలైజర్) బ్లాక్ పెట్టి 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక 3 డెసిబెల్స్, మొత్తం లెవెల్ కొంచెం పెంచి ఫుట్‌స్విచ్‌కి కట్టుకోండి. కీబోర్డ్ అతనితో ముందే మాట్లాడుకుంటే సగం పని అయిపోతుంది, కానీ కీబోర్డ్ వాళ్లు వింటారా అనేది వేరే చర్చ.

హమ్ వస్తోందని కూడా రాశారు. సింగిల్ కాయిల్ పికప్ అయితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి కొంత హమ్ తప్పదు. ఇన్‌పుట్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేది) కొద్దిగా వాడండి, నోట్ తోక తెగేంత కాదు. ఇన్వర్టర్ మీద నడిచే గదిలో, ఎర్తింగ్ సరిగా లేని పాత బిల్డింగ్‌లో అది పెరుగుతుంది. అప్పుడు మిక్సర్‌కి వెళ్లే దారిలో గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్‌లో గ్రౌండ్ కలయికను తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, అది ప్రాణాల మీదకి తెస్తుంది. కేబుల్ అనుమానంగా ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో మంచి వైరు, జాక్‌లు కొని సోల్డర్ చేయించుకోండి.

ట్యూబ్ యాంప్ కొన్నా ఈ సమస్యలు మీ వెంటే వస్తాయి. 50 వాట్ల ట్యూబ్ యాంప్ నిజంగా పలికే వాల్యూమ్‌కి ఫ్లాట్‌లో ఎవరూ ఒప్పుకోరు. మీ జామ్‌రూమ్‌లో ఉన్నది మిక్సరా, కాంబోనా, మీ గిటార్ పికప్‌లు ఏవి అన్నది కింద రాయండి, దాన్నిబట్టి ఏ బ్లాక్ ఎక్కడ పెట్టాలో చెబుతాను.