రోజ్‌మేరీ దొరకని ఊళ్లో కుకీల్లోకి ఏ ఆకు వేయాలి?

"తాజా ఆకులు వేసి ఇంట్లో కుకీలు చేద్దామనుకుంటున్నాను, మా వైపు రోజ్‌మేరీ దొరకట్లేదు, బదులుగా కొత్తిమీర వేయొచ్చా?" అని ఒకరు అడిగారు. ముందు రోజ్‌మేరీ సంగతి తేల్చేద్దాం. కడియం నర్సరీలకు వెళ్తే కుండీతో సహా ఇస్తారు. దాన్ని బతికించుకోవడమే గొడవ. మధ్యధరా సముద్రం ఒడ్డున, నీరు నిలవని నేలలో, పొడి ఎండలో పెరిగే మొక్క అది. తెచ్చి మా కోనసీమ ఒండ్రుమట్టిలో పాతి, పైన నెల రోజుల ముసురు పట్టిస్తే వేళ్లు కుళ్లి చావక ఏం చేస్తుంది? పెరట్లో నూతి గట్టు పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా గుబురుగా పెరిగే వామాకు ఉండగా దీని కోసం ఇంత ఆరాటం ఎందుకో నాకు అర్థం కాదు.

నా ఓటు వామాకుకే. వాముకు ఆ ఘాటు ఇచ్చే థైమాల్ అనే పదార్థం ఈ ఆకులోనూ ఉంటుంది. వంట వీడియోల్లో వాళ్లు మురిసిపోతూ చల్లే విదేశీ ఆకు థైమ్‌లో ఉండేదీ అదే. బజ్జీల్లోకి తప్ప ఇంకెందుకూ పనికిరాదని మనవాళ్లే దాన్ని చిన్నచూపు చూస్తారు.

పోయిన వానాకాలం అంబాజీపేటలో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. పిల్లలు కుకీలు కుకీలని ఒకటే గోల. పిండి కలిపి, బిళ్లలు చేసి, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) వేడెక్కుతుండగా కరెంటు పోయింది. ఎక్కడో కొబ్బరిమట్ట తీగల మీద పడిందట, రాత్రికి గానీ రాదన్నారు. నేను పిండి ముద్దని ఏం చేయాలా అని చూస్తుంటే అత్తయ్య, "కరెంటొచ్చాకే రొట్టెలు కాల్చుకున్నామేంట్రా మనం?" అంటూ కుంపటి బయటకు తీసింది. కొబ్బరి చిప్పలు రాజేసి, మినపరొట్టె కాల్చే దళసరి గిన్నె అడుగున ఇసక పరిచి, దాని మీద ఇడ్లీ పాత్రలోని స్టాండు పెట్టి, ఆపైన పళ్లెంలో బిళ్లలు సర్దింది. మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసింది. ఓటీజీలో పైనా కిందా ఉండే రెండు రాడ్లు చేసే పని అదే కదా! నిప్పులు ఆరిపోతున్నాయనిపించినప్పుడల్లా విసనకర్రతో రెండు విసుర్లు. ఆవిడ టైము చూడలేదు. వాసన మారగానే పట్టకారుతో మూత ఎత్తింది. నేతి వాసనా వామాకు వాసనా కలిసి వసారా దాటి వీధిలోకి పోయాయి. అంచు వైపు బిళ్లలు ఎర్రగా, మధ్యలోవి లేతగా వచ్చాయి. ఒకటి కొరికి, "చేగోడీకి పంచదార పట్టించినట్టుందిరా" అని మొహం పెట్టింది. ఆ మొహంతోనే ఇంకో రెండు కొంగులో వేసుకుని వీధరుగు మీదకు పోయింది.

ఇక కొలతలు. వీడియోల్లో "ఒక కప్పు" అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఏ కప్పు? మా ఇంట్లో ఏ రెండు కప్పులూ ఒక్కలా ఉండవు. చిన్న కాటా కొనుక్కోండి, సగం టెన్షన్ పోతుంది. మైదా 210 గ్రాములు, పంచదార పొడి 70, నెయ్యి 115, చిటికెడు ఉప్పు. వెన్నతో చేస్తే 140 పడుతుంది, ఎందుకంటే వెన్నలో నీరు కూడా ఉంటుంది. నేనైతే పూసకట్టిన గేదె నెయ్యే వాడతాను, నోట్లో పొడిపొడిగా రాలుతుంది. మా పక్క టౌన్లో ఒక బేకరీ "నేతి బిస్కెట్లు" అని బోర్డు పెట్టి డాల్డాతో కానిచ్చేస్తుంది. డాల్డా నోటి వేడికి పూర్తిగా కరగదు, తిన్నాక అంగిట్లో జిడ్డు పొర మిగులుతుంది. అడిగితే నెయ్యేనండీ అంటారు.

అన్నిటికంటే ముఖ్యం, ఆకులో నీరు పోవాలి. వామాకు దళసరి ఆకు, నిండా నీరే. పచ్చిది తరిగి పిండిలో కలిపేస్తే కుకీ కరకరలాడదు. నాలుగైదు ఆకులు కడిగి, తడి తుడిచి, సన్నగా తరిగి నేతిలో సన్న సెగ మీద వేయించండి. చిటపట ఆగిందంటే నీరు పోయినట్టే. ఆ నెయ్యి ఆకుతో సహా చల్లారి పేరుకున్నాక పంచదార వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టి, మైదా కలపండి. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, బిళ్లలు చేసి, 160 డిగ్రీల దగ్గర పదిహేను, పద్దెనిమిది నిమిషాలు కాల్చండి. బయటకు తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఇంకా కాలలేదని మళ్లీ లోపలికి తోయకండి. చల్లారితే గట్టిపడతాయి.

కరివేపాకూ ఇలాగే వేయించి వేసుకోవచ్చు, కాస్త మిరియాల పొడి తోడైతే ఇంకా బాగుంటుంది. నిమ్మగడ్డి అయితే నేతిలో కాచి వడకట్టేయాలి, లేకపోతే పీచు పళ్లకు అడ్డం పడుతుంది. మన గాలిలో తేమకు ఏ కుకీ అయినా రెండో రోజుకే మెత్తబడుతుంది కాబట్టి పూర్తిగా చల్లారాక బిగుతు మూత డబ్బాలో పెట్టండి. మెత్తబడ్డవి మళ్లీ ఓ ఐదు నిమిషాలు వేడి చేస్తే సరి.

కొత్తిమీర మాత్రం వద్దు. దాని వాసన వేడికి నిలవదు, కుకీలో పచ్చటి మచ్చలు తప్ప ఏమీ మిగలదు. పచ్చడి చేసుకోండి.