మోడల్ రైల్వే లేఅవుట్‌లో ఏ గూడ్స్ వ్యాగన్ ఎక్కడికి వెళ్లాలో ఎలా నిర్ణయించుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గదిలో కట్టుకున్న హెచ్‌వో స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) బొమ్మ రైల్వే, అంటే లేఅవుట్, 40 గూడ్స్ వ్యాగన్లు. పిండి మిల్లు, ఆయిల్ డిపో, సిమెంట్ గోడౌన్, ఫర్నిచర్ ఫ్యాక్టరీ, గూడ్స్ షెడ్ ఉన్నాయి. వ్యాగన్లను నిలిపి, విడదీసి, బళ్లుగా కట్టుకునే నాలుగు లైన్ల యార్డు ఉంది, తెర వెనక కనబడకుండా రెండు లైన్లు ఉన్నాయి. బండి గానుగెద్దులా తిరుగుతుంటే మీకు విసుగొస్తోంది. ఏ వ్యాగన్‌ని ఎక్కడికి పంపాలో తేల్చడానికి కార్డులు వాడాలా, కంప్యూటర్ ప్రోగ్రాం వాడాలా అని అడిగారు.

కార్డులే వాడండి. కానీ కార్డులు రాయడానికి ముందు 13 వ్యాగన్లు తీసి అల్మారాలో పెట్టేయండి.

ఎందుకో చెప్తాను. మీరిచ్చిన కొలతల ప్రకారం యార్డులో లైనుకు 5 చొప్పున 20 వ్యాగన్లు పడతాయి. పరిశ్రమల దగ్గర మిల్లుకు 3, ఆయిల్ డిపోకు 3, సిమెంట్‌కు 2, ఫర్నిచర్‌కు 2, గూడ్స్ షెడ్‌కు 3, మొత్తం 13. తెర వెనక రెండు లైన్లలో 12. అంటే మీకున్న చోట్లు 45, వ్యాగన్లు 40. అంకెల పలకలు జరిపే ఆటలో 15 పలకలకు ఒక్క ఖాళీ గడి ఉంటుంది కదా, దాదాపు అలాంటి పరిస్థితి. అక్కడైతే పలకలు జరపడమే ఆట కాబట్టి సరిపోతుంది. ఇక్కడ మీకు కావాల్సింది రైల్వే నడపడం. మొత్తం చోట్లలో 60 శాతానికి మించి నింపకూడదని నేను పెట్టుకున్న నియమం. ఆ లెక్కన 45కి 27, అంటే మీ 40లో 13 తీసేయాలి.

ఈ లెక్క నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మొదటిసారి ముగ్గురు స్నేహితుల్ని పిలిచిన రోజు నా దగ్గరున్న వ్యాగన్లన్నీ ముస్తాబు చేసి పట్టాల మీద పెట్టాను. అన్నీ చూపించుకోవాలని సరదా. ప్రోగ్రాంతో జాబితాలు ప్రింట్ తీసి తలా ఒకటి ఇచ్చాను. ఇరవై నిమిషాలు తిరక్కుండానే యార్డు బిగుసుకుపోయింది. లోపలికి రావాల్సిన బండికి లైను ఖాళీ లేదు. లైను ఖాళీ చేద్దామంటే అందులో ఉన్నవి వెళ్లాల్సిన సైడింగులు, అంటే పరిశ్రమల దగ్గర వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు, నిండి ఉన్నాయి. సైడింగులు ఖాళీ చేయాల్సిన ఇంజిన్ ఏమో యార్డులో వ్యాగన్ల వెనక ఇరుక్కుంది. చివరికి ఒకాయన మాట్లాడకుండా నాలుగు వ్యాగన్లు చేత్తో ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు. అప్పుడు గానీ బండి కదల్లేదు. జాబితాలో తప్పేమీ లేదు, అన్నీ నింపి పెట్టింది నేనే.

ఆ తర్వాత ఇంకో చిన్న నియమం చేర్చుకున్నాను: ఒక సైడింగ్‌కు ఎన్ని వ్యాగన్లు తెస్తే, దాదాపు అన్ని అక్కడి నుంచి తీసుకెళ్లాలి. ఇది పాటిస్తే యార్డు తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక కార్డుల సంగతి. ఈ పద్ధతిని 1961లో డగ్ స్మిత్ అనే అమెరికన్ మోడలర్ పరిచయం చేశాడు. ఇప్పటికీ చాలామంది వాడేది దాని రూపాంతరమే. ప్రతి వ్యాగన్‌కూ ఒక అట్ట కార్డు ఉంటుంది. దాని మీద వ్యాగన్ నంబరు, రకం, రంగు రాస్తారు. కార్డు కింది భాగాన్ని మడిచి జేబులా చేస్తారు. ఆ జేబులో వేబిల్లు అనే చిన్న చీటీ పెడతారు. చీటీకి ముందువైపు పైనా కిందా, వెనకవైపు పైనా కిందా, మొత్తం నాలుగు రాతలు. జేబులోంచి పైకి కనబడే రాత ఒక్కటే ఈ సెషన్‌లో, అంటే మీరు కూర్చుని బళ్లు నడిపే ఒక విడతలో, చెల్లుతుంది. వ్యాగన్ గమ్యం చేరాక, సెషన్ అయిపోయినప్పుడు చీటీని తిప్పి పెడతారు. అంతే, దానికి కొత్త పని తయారవుతుంది.

మీ పరిశ్రమలతోనే ఉదాహరణ చెప్తాను. మూసిన వ్యాగన్ ఒకటి తీసుకోండి. ఒకటో రాత: బయటి లోకం నుంచి ఫర్నిచర్ ఫ్యాక్టరీకి, ప్లైవుడ్. రెండు: ఫ్యాక్టరీ నుంచి బయటి లోకానికి, కుర్చీలు బల్లలు. మూడు: బయటి లోకం నుంచి పిండి మిల్లుకు, ఖాళీ. నాలుగు: మిల్లు నుంచి బయటికి, పిండి బస్తాలు. ఈ ఒక్క వ్యాగన్ నాలుగు సెషన్ల పాటు మీకు పని చెప్తుంది. ఇలాంటివి పది ఉండి, ఒక్కొక్కటి ఒక్కో రాత దగ్గర మొదలైతే ఏ రెండు సెషన్లూ ఒకేలా ఉండవు.

ట్యాంకర్‌కు మాత్రం నాలుగు రాతలు రాయడానికి తంటాలు పడకండి. నిండుగా డిపోకు, ఖాళీగా బయటికి, రెండు చాలు. నూనె మోసే ట్యాంకర్ ఇంకెక్కడికి వెళ్తుంది? కొందరు వైవిధ్యం కోసం ట్యాంకర్‌ని గూడ్స్ షెడ్‌కు కూడా పంపుతుంటారు. నాకు నచ్చదు. విసుగ్గా తిరిగే వ్యాగన్లు కొన్ని ఉంటేనే మిగతావి నిజంగా పని చేస్తున్నట్టు కనిపిస్తాయి.

‘బయటి లోకం’ అన్నాను కదా, మీ తెర వెనక రెండు లైన్లే అది. అల్మారాలో పెట్టమన్న 13 వ్యాగన్లు మళ్లీ అక్కడి నుంచే వస్తాయి. సెషన్ అయ్యాక తెర వెనక చేరిన వాటిలో మూడో నాలుగో తీసి అల్మారాలో పెట్టి, అక్కడివి అన్నే తెచ్చి పట్టాల మీద పెట్టండి. పోయిన వారం వెళ్లిన ట్యాంకర్ ఈ వారం రాదు, దాని బదులు ఇంకొకటి వస్తుంది. రైల్వే మీ గది గోడల దగ్గర ఆగిపోలేదన్న భ్రమ దీంతోనే కలుగుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 1940ల్లో ఫ్రాంక్ ఎలిసన్ అనే మోడలర్ లేఅవుట్‌ని నాటకంతో పోల్చి, బళ్లను నటులన్నాడు. నటులన్నాక తెర వెనకకు వెళ్లి రావాలి కదా!

చీటీ తిప్పడంలో ఒక మెలిక ఉంది. చేరిన వ్యాగన్లన్నిటికీ ప్రతి సెషన్ తర్వాతా తిప్పేస్తే, పోయినసారి దింపినవన్నీ ఈసారి ఎత్తాల్సి వస్తుంది. చాలా కృత్రిమంగా ఉంటుంది. నేను ప్రతి వ్యాగన్‌కూ ఒక పాచిక వేస్తాను. ఒకటి, రెండు పడితే సరుకు దింపడం ఇంకా పూర్తి కాలేదని అర్థం, ఇంకో సెషన్ అక్కడే ఉంటుంది. మూడు నుంచి ఆరు పడితే చీటీ తిప్పుతాను. దీని వల్ల షంటింగ్ (వ్యాగన్లను లాగి, నెట్టి చోట్లు మార్చడం) కూడా రక్తి కడుతుంది. లోపల ఉండాల్సిన వ్యాగన్‌కు ముందు తీయాల్సినది ఉంటే సులువే. తీయాల్సినది లోపల ఉండి, ఉండాల్సినది అడ్డంగా ఉంటే రెండూ లాగి, ఒకటి వదిలి, రెండోదాన్ని మళ్లీ అదే చోట పెట్టాలి. కార్డులు పెట్టుకోవడానికి ప్రతి పరిశ్రమ దగ్గరా, లేఅవుట్ అంచుకు, రెండు అరల చిన్న డబ్బా బిగించండి: ‘ఉండాలి’, ‘తీయాలి’.

బండి నడిపేటప్పుడు తెలిసే సంగతులు రెండు.

మొదటిది పాయింట్ల (ఒక లైను రెండుగా చీలే చోట్ల) దిశ. బండి పాయింట్ దాటి ముందుకెళ్లి, వెనక్కి నెడితే వ్యాగన్ సైడింగ్‌లోకి పోతుందంటే అది ట్రెయిలింగ్. అదే పాయింట్ ఎదురు తిరిగి ఉంటే ఫేసింగ్, ఇంజినే ముందు లోపలికి దూరుతుంది. అలాంటప్పుడు లూప్ లైనులో (రెండు చివర్లా మెయిన్ లైనులో కలిసే పక్క లైను) ఇంజిన్‌ని చుట్టు తిప్పి వ్యాగన్ల వెనక్కి తెచ్చుకోవాలి. అసలు రైల్వేల్లో షంటింగ్ సిబ్బంది వీలైతే ఈ బాధ తప్పించుకుంటారు. వెళ్లేటప్పుడు ట్రెయిలింగ్ సైడింగులు చూసుకుని, మిగతావి తిరుగు ప్రయాణానికి వదిలేస్తారు, అప్పుడవి ట్రెయిలింగ్ అవుతాయి కాబట్టి. మీరూ అలాగే చేయండి. లూప్ తప్పనిసరైన చోట దాని పొడవు చూసుకోండి. 40 అడుగుల వ్యాగన్ హెచ్‌వోలో అయిదున్నర అంగుళాలు, కప్లర్లతో కలిపి ఆరు అనుకోండి. నా లూప్ 30 అంగుళాలు, అంటే అయిదు వ్యాగన్లు. ఏడింటితో బండి కట్టి తీసుకెళ్లి, రెండు ముక్కలు చేసి, అరగంట కుస్తీ పట్టాక గానీ నాకు ఈ కూడిక తట్టలేదు.

రెండోది బరువు. లాగేటప్పుడు బుద్ధిగా వచ్చే తేలిక వ్యాగన్లు వెనక్కి నెట్టేటప్పుడు పట్టాలు తప్పుతాయి. షంటింగ్‌లో సగం నెట్టడమే. హెచ్‌వోకి ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం) సిఫారసు ఒక ఔన్స్, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్స్. అయిదున్నర అంగుళాల వ్యాగన్‌కు 3.75 ఔన్సులు, అంటే సుమారు 106 గ్రాములు. వంటింటి త్రాసులో తూచి, తక్కువైనవాటి లోపల నట్లు, బోల్టులు అతికించండి. ఓపెన్ వ్యాగన్లు ఉంటే సరుకు విడిగా తీసి పెట్టేలా చేసుకోండి. సరుకు దింపేసిన వ్యాగన్ నిండుగానే తిరిగొస్తే కార్డు మీద ‘ఖాళీ’ అన్న మాట చూసి నవ్వొస్తుంది. సరుకు దిమ్మ అడుగున చిన్న ఇనుప ముక్క అతికిస్తే అయస్కాంతంతో పైకి లేస్తుంది.

ప్రోగ్రాంల విషయం. జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వ్యాగన్ల కదలికలకు ప్రత్యేక విభాగం ఉంది, బాగానే పని చేస్తుంది. వందకు పైగా వ్యాగన్లు, నలుగురైదుగురు నడిపేవాళ్లు ఉంటే నేనూ దాన్నే వాడమంటాను. కానీ మీలా ఒక్కరే నడుపుతున్నప్పుడు ఒక చిక్కుంది. చక్రం చెడిపోయి ఒక వ్యాగన్‌ని పక్కన పెట్టారనుకోండి, ఆ సంగతి ప్రోగ్రాంకి చెప్పాలి. మర్చిపోతే వచ్చే జాబితాలో లేని వ్యాగన్‌ని వెతుక్కుంటారు. కార్డయితే వ్యాగన్‌తో పాటే మరమ్మతు బల్ల మీదికి పోతుంది. కొద్ది నిమిషాల్లోనే గంట గడిచినట్టు చూపిస్తూ వేగంగా తిరిగే గడియారం, టైంటేబుల్ లాంటివి ఇప్పుడు వద్దు. ఒక్కరే ఉన్నప్పుడు గడియారం వల్ల వచ్చేది టెన్షనే.

షంటింగ్ చేయి తిరగడానికి ఇంగ్లండ్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ ఆట ఆడి చూడండి. 5, 3, 3 వ్యాగన్లు పట్టే మూడు లైన్లు, 8 వ్యాగన్లు, అందులో 5 చెప్పిన వరసలో కట్టాలి. ఆ వరసలు 6,720. మీ యార్డులోనే మూడు లైన్లకు పొడవు గుర్తులు పెట్టుకుని ఆడొచ్చు. అయితే అది పజిల్, రోజూ నడిపే రైల్వేని అంత కష్టంగా కట్టుకోకండి.

మొదటి రాత్రే 27 కార్డులూ రాయడానికి కూర్చోవద్దు. ఆయిల్ డిపో, పిండి మిల్లు, ఈ రెండింటికీ కలిపి ఆరు వ్యాగన్లకు రాసి, ఒక బండి నడిపి చూడండి. మిగతావి ఉన్నచోటే ఉండనివ్వండి, నిలబడి ఉన్న వ్యాగన్లు కూడా రైల్వేలో భాగమే. వేబిల్లులు పెన్సిల్‌తో రాయండి. నావి మొదటి నెలలోనే సగానికి పైగా చెరిపి మళ్లీ రాశాను.